తియ్యగా కాయనన్న చెట్టు

ఏ చెట్టు ఉంచాలి, ఏది కొట్టెయ్యాలి అని నన్నడుగుతావేంటే చిహారూ, కారు షెడ్డు కట్టేది నేనా? సరే, అడిగావు కాబట్టి చెప్తా. ఆ దుప్పటి కాస్త ఇటు లాగు, మోకాళ్ళు మంచుగడ్డలైపోయాయి. ఆఁ. చూడూ, గోడ పక్కన ఆపిల్ ఉందే, అది పులుపు. పచ్చిగా తింటే పళ్ళు జివ్వుమంటాయి, కానీ ఉడకేస్తే ఆ రుచి కొట్లో దొరికే తియ్యటి ఆపిల్స్‌కి ఎక్కడిది? ప్లమ్ చెట్టుకి తొందరెక్కువ, మంచు కరక్కముందే పూసేస్తుంది, పూతంతా మాడ్చుకుంటుంది. పియర్‌కి పురుగు. ఇక నారింజ రంగు కాయల పెర్సిమన్‌లు రెండు. బావి దగ్గరది మన కొండ రకం, కోలగా ఉంటుంది కాయ, అచ్చమైన వగరు, ఒలిచి ఎండబెట్టి తియ్యబడితే గానీ నోట్లో పెట్టలేం. రెండోది, బొద్దుగా బల్లపరుపుగా కాసేది, కారుకి అడ్డం అంటున్నావే, అది మీ నాయనమ్మ. అదే, మీ నాయనమ్మ తెచ్చిన చెట్టు. నాకు రెండూ ఒకటేలే.

నువ్వు చూళ్ళేదుగా మీ నాయనమ్మని, మా మిత్సుయో వదిన్ని. మా అన్నయ్యని చేసుకుని కింద గిఫు మైదానం నుంచి వచ్చింది, పెళ్ళి సామానుతో పాటు వేళ్ళకి గడ్డి చుట్టిన మొక్కొకటి ఒళ్ళో పెట్టుకుని. "మా ఊళ్ళో పెర్సిమన్ కోసింది కోసినట్టే కొరుక్కు తింటాం" అనేది. నేనూరుకుంటానా, ఆడపడుచుని కదా, "మీ ఊళ్ళో ముల్లంగి కూడా తియ్యగానే ఉంటుందా వదినా?" అన్నాను. "నీ నోటికంటే తియ్యగానే ఉంటుందమ్మాయ్" అంది ఠక్కున. మాట పడే మనిషి కాదు. అదీ నాకు నచ్చింది. ఏం చెప్తున్నానూ? ఆ, చెట్టు. ఏళ్ళు పట్టింది కాపుకి. కాసిన ఏడు చుట్టుపక్కల వాళ్ళందర్నీ పిలిచి, కోసి పళ్ళెంలో పెట్టింది. ఎంత ఎర్రగా ఉన్నాయనుకున్నావ్! మా నాన్న మొదటి ముక్క కొరికాడు. అంతే. నాలిక్కి గుడ్డ చుట్టినట్టయిపోయి, థూ అని ఉమ్మేశాడు. అందరం ఉమ్మేశాం. ఈ చలికి ఆ రకంలో వగరు విరగదే, ఎండ చాలదు. ఇప్పుడందరూ చెప్తారు, అప్పుడెవరికి తెలుసు? పక్కింటి తోమె అత్త ఉందిగా, "తీపి చెట్టంట, తీపి కోడలంట" అని దీర్ఘాలు తీసింది. మీ నాయనమ్మ మాత్రం తన ముక్క ఉమ్మలేదు. మొహం మాడ్చకుండా నమిలి మింగింది. నేను చూశాను.

ఇక జనవరిలో, ఇవాళ్టి లాంటి రోజే, చెట్లని బెదిరించే పండగ. మీరు మానేశారు గానీ, అప్పట్లో ఇంటింటా చేసేవాళ్ళు. ఒకరు కత్తి పట్టుకుని "కాస్తావా కాయవా, కాయకపోతే నరికేస్తా" అనాలి, ఇంకొకరు చెట్టు చాటు నుంచి "కాస్తాను బాబోయ్, కాస్తాను" అనాలి. ఓ చిన్న గాటు పెట్టి, దాని మీద ఎర్రచిక్కుళ్ళ జావ పూసేస్తే అయిపోయె. చెట్టన్నాక కాయనని చెప్పడం ఎక్కడా లేదు. ఆ ఏడు నాన్న చిన్న కత్తి తేలేదే, పెద్ద గొడ్డలి తెచ్చాడు. మిగతా చెట్లన్నీ అయ్యాయి, అన్నయ్యే జవాబులు చెప్పాడు. ఈ చెట్టు దగ్గరికొచ్చేసరికి, "నువ్వెళ్ళి నిలబడమ్మా, నీ చెట్టేగా" అన్నాడు నాన్న. వదిన వెళ్ళింది. మోకాలి లోతు మంచు. నాన్న గొడ్డలెత్తి, "తియ్యగా కాస్తావా, కాయవా?" అన్నాడు. ఆ 'తియ్యగా' అనేది పండగలో లేదు, తనే కలిపాడు. ఊఁ అంటే పోయేది కదా? అన్నయ్య సైగలు చేస్తున్నాడు, అనవే, అనెయ్యవే అని. అప్పుడు చెట్టు చాటు నుంచి, "కాయను మామగారూ" అంది. "ఈ చలిలో తియ్యగా కాయడం నా వల్ల కాదు. ఆ బావి దగ్గరది కూడా వగరేగా? దాన్ని ఒలిచి, ఎండబెట్టి, ఓపిగ్గా తింటున్నారుగా? మరి నన్ను మాత్రం పుట్టడమే తియ్యగా పుట్టమంటారేం?" చెట్టే మాట్లాడిందనుకో, చెట్టు గొంతే అది. నాన్న గొడ్డలి ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండిపోయింది. కాసేపటికి దించి, జావ గిన్నె వదిన చేతికిచ్చి లోపలికెళ్ళిపోయాడు. గాటు కూడా పెట్టలేదు.

ఆ వచ్చే శీతాకాలం ముందు రెండు రకాలూ ఒలిచి చూరుకి కట్టింది. కొండ రకం ఇట్టే ఎండిపోయింది. ఇది లావు కదా, సగం బూజు పట్టింది. వదిన ఏడుస్తుందనుకున్నాను. మర్నాడు చూస్తే మిగిలినవన్నీ ఉత్తరం చూరుకి మార్చి కడుతోంది, గాలి బాగా తగులుతుందని. చేతులు వగరుకి నల్లబడిపోయాయి, తోమినా పోలేదు. నాన్న ఒకటి తిన్నాడు. టీ తాగాడు. ఇంకోటి తీసుకున్నాడు. మళ్ళీ జనవరిలో ఆ చెట్టు ముందు నిలబడి, "కాస్తావా, కాయవా?" అన్నాడంతే. తియ్యగా అనే మాట తీసేశాడే పిల్లా, మా నాన్న! "కాస్తాను మామగారూ" అంది. లోపలికొచ్చి ఎంత ఏడ్చిందో.

ఏంటి, రంపం అతను రేపొస్తాడా? రానీ. పండగ ఇవాళేగా. ఆ కూరగాయల కత్తి తీసుకో, నా చెయ్యి పట్టుకో, చెట్టు చాటున నేను నిలబడతాను. నువ్వు అడుగు. అడగవే. ఇక్కడే ఓసారి అను, వింటాను.

...

ఏంటలా చూస్తావ్. సరే, నీ గిన్నెలో ఎర్రచిక్కుళ్ళ జావ చల్లారిపోతోంది, తిను. మొత్తం తినెయ్యకు, కాస్త ఉంచు ఆ చెట్టుకి.