కొట్టు చూసే మనిషి

పాత బజారులో తక్కెళ్ళు బాగుచేసే ముసలాయన, పక్కన కొత్తగా తెరిచిన రెస్టారెంటు అద్దాల తలుపు దగ్గర నిలబడి వచ్చినవాళ్ళను లోపల కూర్చోబెట్టే అమ్మాయిని పిలిచాడు.

"అమ్మాయీ, భోంచేసి వస్తాను. కాస్త కొట్టు చూస్తుంటావా?"

"తాళం వేసుకోవచ్చుగా తాతా?"

"పట్టపగలు తాళమేస్తే కొట్టు ఎత్తేశాననుకుంటారు. ఇదివరకు మీ చోట పప్పుల కొట్టు ఉండేది. నేను తినడానికి వెళితే ఆయన చూసేవాడు, ఆయన వెళితే నేను. ఆయన ఖాళీ చేశాక ఇక్కడే గోడకేసి చూస్తూ తింటున్నాను."

"సరే, వెళ్ళిరండి. ఎవరైనా వస్తే?"

"ఇప్పుడే వస్తాడు, కూర్చోండి అని చెప్పు."

"అది నాకు అలవాటేలెండి. పొద్దస్తమానం నేను చేసే పని అదే."

ఆయన తిరిగి వచ్చేసరికి, వచ్చినవాళ్ళు కూర్చునే స్టూలు మీద దుమ్ము తుడిచి ఉంది.

"ఎవరైనా వచ్చారా?"

"వచ్చారు తాతా. ఆ ఎదుటి బియ్యం కొట్టాయన. తక్కెడ ఒకవైపుకి వాలుతోందట. రేపు తెస్తానన్నాడు."

"బోర్డు చూసి చెప్పావా తల్లీ?"

ఆ అమ్మాయి తలతిప్పి ఎదుటి కొట్టు బోర్డుకేసి చూసింది.

"అక్కడిప్పుడు కాఫీ అమ్ముతున్నారు. పాత బోర్డు అందంగా ఉందని ఉంచుకున్నారంతే. బియ్యమాయన ఎప్పుడో వెళ్ళిపోయాడు."

"ఏమనుకోకండి తాతా. ఎవరూ రాలేదని చెప్పడానికి నోరు రాలేదు."

"అనుకోనులే. రేపు కూడా చూస్తుంటావా?"

"చూస్తాను."

"ఎవరూ రాకపోతే రాలేదనే చెప్పు. చివరి రోజుల్లో ఆ పప్పుల కొట్టాయనా రోజూ అదే చెప్పేవాడు. అయినా వచ్చి అడిగేవాణ్ణి."