డాష్‌బోర్డు వెనక దొరసాని

రహదారి పక్కన పెట్రోలు బంకు, మిట్టమధ్యాహ్నం. ఇంటి సామానంతా కుక్కిన అద్దె ట్రక్కు నీడకు ఆగి ఉంది. డ్రైవరు సీట్లో కోడలు. పక్క సీట్లో, ముసలి కుక్క తల ఒళ్లో పెట్టుకుని అత్తగారు.

"ఇంకోసారి పిలవండి అత్తయ్యా. మీ గొంతయితేనే పలుకుతుంది."

"దొరసానీ... రావే తల్లీ. అదిగో, పలికింది. విన్నావా? రేడియో వెనకాలే ఉంది."

"ఇంకా లోపలికి పోయింది. మీ కాళ్ల దగ్గర సందులోంచి దూరి పైకెక్కేసింది. అక్కడన్నీ వైర్లే, ఫ్యాను కూడా ఉంటుంది. ఇప్పుడు స్టార్ట్ చేస్తే దాని తోక ఎక్కడుంటుందో ఏమో."

"అయితే చెయ్యకు."

"చెయ్యట్లేదుగా. గంటన్నర నుంచి చెయ్యట్లేదు."

"ట్రక్కు ఆఫీసు వాళ్లేమన్నారు?"

"మెకానిక్కు రేపు పొద్దున గానీ రాడట. ఈలోగా మనం స్క్రూడ్రైవరు ముట్టుకోకూడదట. లోపల పిల్లుందండీ అంటే, సామాను లిస్టులో పిల్లి రాయలేదు కదమ్మా అన్నాడు."

"వాడి మొహం. పిల్లి సామానా?"

"కుక్కని కూడా రాయలేదు నేను. గట్టిగా అనకండి, ముసలాయన వింటే బాధపడతాడు."

"వీడికి వినపడితేగా. చెవులు పోయి రెండేళ్లయింది. అమ్మాయ్, వీడు మరీ రొప్పుతున్నాడే. నీళ్లు కూడా ముట్టట్లేదు."

"తడిగుడ్డ కడుపు మీద వెయ్యండి. ఏసీ వేద్దామంటే ఇంజను ఆన్ చెయ్యాలి. అద్దాలు పూర్తిగా దించితే అది రోడ్డు మీదకి దూకుతుంది. దాన్ని కాపాడితే వీడు ఉడికిపోతాడు, వీణ్ణి కాపాడితే..."

"కిందకి దించి నీడలో పడుకోబెడదామా?"

"పొద్దున ఎక్కించడానికే ఇద్దరు కూలీలు పట్టారు. నడుం పడిపోయినవాణ్ణి మనిద్దరం దించగలమా? దించితే మళ్లీ ఎక్కించగలమా?"

"అయితే ఏం చేద్దాం?"

"తెలీదు."

"చేప డబ్బా తెరిచాంగా. ఆ వాసనకన్నా రావచ్చు."

"రావచ్చు."

"నువ్వు... వాడికేమన్నా ఫోన్ చేస్తావా?"

"ఎవరికి?"

"వాడికే. నా కొడుక్కి."

"చేసి?"

"అహ, వద్దులే. పనిలో ఉంటాడు."

"అవును. పనిలో ఉంటారు. అత్తయ్యా, ఒకటి అడుగుతాను. పిల్లి పెట్టె గడి నేను రెండుసార్లు చూసుకున్నాను. పదమూడేళ్లు స్కూలు బస్సు నడిపాను. తలుపు చూసుకోకుండా ఒక్కరోజూ కదల్లేదు. అదెలా ఊడింది?"

"పాత పెట్టె."

"మొన్ననే కొన్నది."

"కుదుపులకి..."

"నేను బాత్రూముకి దిగేటప్పటికి బండి ఆగే ఉంది. పిల్లి నిద్రపోతోంది."

"అరిచింది. నువ్వు దిగాక అరిచింది. పాపం అని..."

"అత్తయ్యా, ఇటు చూడండి."

"చూడలేనమ్మా."

"మీరే తీశారా?"

"తీశాను. క్యాబిన్లో అటూ ఇటూ గెంతుతుంది, పట్టుకోవడానికి ఓ అరగంట పడుతుంది, ఆ అరగంటలో నోరు పెగుల్చుకుని నీకు చెప్పేద్దామనుకున్నాను. అదిలా దూరుతుందని నాకేం తెలుసు?"

"ఏం చెప్దామని?"

"ముందు కాసిని నీళ్లు తాగు."

"దాహం లేదు. చెప్పండి."

"పొద్దున కూలీలు బీరువా దింపుతుంటే వాడు ఫోన్ చేశాడు. నీకు కాదు, నాకు. వంటింట్లోకి వెళ్లి మాట్లాడాను. ఖాళీ వంటింట్లో నా గొంతు నాకే మారుమోగింది. అమ్మాయ్, వాడు ఇల్లు తీసుకోలేదు. మూడు గదులు, వెనక కాస్త దొడ్డి, రంగులేయిస్తున్నా అన్నాడే, అదంతా వట్టిదే. వేరే ఆవిడింట్లో ఉంటున్నాడు. నాలుగు నెలల్నుంచీ."

"ఇంకేమన్నారు?"

"నిన్ను బయల్దేరొద్దని చెప్పమన్నాడు. అప్పటికే తాళాలు ఇచ్చేశాం. కొత్తగా దిగేవాళ్ల బండి గేటు ముందుకొచ్చి హారన్ కొడుతోంది. ఎలా చెప్పను? ఎక్కి కూర్చున్నాను."

"అంతేనా?"

"నన్ను మాత్రం వచ్చెయ్యమన్నాడు. ఒక్కదాన్నే. ఆవిడింట్లో నాకో గది ఉందట. వీటిని తేవద్దన్నాడు, ఆవిడకి పడదట. నువ్వెక్కడుంటావో ఏం చెప్పలేదు. నేను అడిగితే ఫోన్ పెట్టేశాడు."

"మరి వెళ్తారా?"

"వాణ్ణి కన్నాను కదే. నేనేం చెయ్యను చెప్పు."

"తప్పని కాదు. అడుగుతున్నానంతే."

"ఆగు. కదలకు. నా పాదానికేదో తగిలింది."

"నెమ్మదిగా. వంగకండి, బెదురుతుంది."

"వచ్చింది. చేప నాకుతోంది. ఒళ్లంతా గ్రీజే. దా తల్లీ, దా... పట్టుకున్నాను. పెట్టె ఇలా తోయి."

"గడి నేను వేస్తాను. మీరు చెయ్యి తీసేయండి."

"వేశావా? ఇక ఇంజను ఆన్ చెయ్యి. ముందు వీడికి చల్లగాలి తగలనీ."

"చేస్తున్నాను. ఇదిగో, గాలి వాడి వైపు తిప్పండి."

"కళ్లు తెరిచాడు. హమ్మయ్య. అమ్మాయ్, మరి ఇప్పుడు... బండి ఎటు తిప్పుతావ్?"

"ముందుకే. సాయంత్రం ఆరులోగా ట్రక్కు ఆయనున్న ఊళ్లోనే అప్పగించాలి."

"అప్పగించి? సామాను ఎక్కడ దించుతాం?"

"తెలీదు. పదకొండు ఇళ్లు అడిగాను. కుక్కా పిల్లీ అనగానే ఫోన్ పెట్టేస్తున్నారు. ఒకాయన అయితే, వాటిని వదిలేసి మీరిద్దరే రండి, గది ఇస్తానన్నాడు."

"పదకొండు ఇళ్లా? ఎప్పుడడిగావ్? పొద్దుటి నుంచీ నా పక్కనే ఉన్నావుగా."

"ఈరోజు కాదు."

"ఈరోజు కాదంటే?"

"ఆవిడ సంగతి నాకు వారం క్రితమే తెలిసింది అత్తయ్యా. మీకు చెప్తే, ఇంకా నీతో ఎందుకు రావాలి అంటారేమోనని చెప్పలేదు."