ఆమెన్ అనేలోగా

ఆస్పత్రి దుప్పట్లు ఉతికి ఇస్త్రీ చేసే చోటు. ఇస్త్రీ గదిలో అత్తా, కడుపుతో ఉన్న కోడలూ. తాళం వేసిన తలుపుకి అవతల, వరండాలో సూపర్‌వైజరు. ఆదివారం చర్చిలో సంఘ పెద్ద కూడా ఆయనే; ఆ అలవాటుతోనే అత్తని సిస్టరూ అంటాడు.

"తాళం వేసింది నువ్వే పెద్దాయనా. పొద్దున్నే ప్రార్థన పెట్టి, మేం కళ్ళు మూసుకున్నప్పుడు చూసి వేశావు. ఆమెన్ అనేలోగా టక్కుమంది. రోజూ వింటున్నా."

"అమ్మాయ్, మెల్లగా మాట్లాడు. నేను వింటూనే ఉన్నాగా."

"విన్నావుగా, ఇక తలుపు తియ్యి."

"నువ్వేంటే, పెద్దవాళ్ళని పట్టుకుని. పెద్దయ్యా, ఏమీ అనుకోకండి. మా కోడలికి నోరు ఆగదు గానీ మనసు మంచిది."

"నా మనసు సంగతి ఆయనకెందుకత్తా? గోడ ఫ్యాను ఆగిపోయిందని చెప్పు. ఆవిరంతా లోపలే ఉండిపోతోందని చెప్పు."

"ఫ్యాను ఆగిందా సిస్టరూ?"

"ఆగింది పెద్దయ్యా. కాసేపు గరగరమంది, ఇంక లేదు."

"సరే, కబురు పంపిస్తాను. ఈలోగా కాస్త ఓర్చుకోండి."

"ఎవరితో పంపిస్తావు? వరండాలో ఉన్నది నువ్వొక్కడివేగా."

"పంపిస్తానన్నాను కదమ్మా."

"పంపిస్తావు. కిందటిసారి నీళ్ళ కుళాయి సంగతీ ఇలాగే పంపించావు."

"ఊరుకోవే. ముందు కూర్చో. మొహం చూడు, ఎలా పాలిపోయిందో."

"నాకేం కాలేదు. కాస్త తిరిగింది, అంతే."

"తిరిగిందా? ఏం తిరిగింది?"

"గది తిరిగింది. నేను బాగానే ఉన్నా."

"అలా వచ్చి ఈ మూట మీద కూర్చో. ఇదిగో, వచ్చింది చూడు."

"ఎవరు?"

"వెలుగు. ఫ్యాను సందులోంచి. అది తిరిగినన్నాళ్ళూ ముక్కలు ముక్కలుగా పడేది. ఇవాళ చూడు, ఒకటే నిలువుగా, ఆవిరిలో ఎలా నిలబడిందో. చెయ్యి పెడితే పట్టుకోవచ్చనిపిస్తోంది. ప్రభువా, ఎంత బాగుందే."

"ఊపిరాడక చస్తుంటే వెలుగు బాగుందా నీకు?"

"రెండూ నిజమేనే. ఊపిరాడట్లేదు. వెలుగు బాగుంది."

"ఇదే నీతో చిక్కు. నువ్విలా మురిసిపోతుంటావు, వాళ్ళు తాళాలు వేస్తుంటారు. ఇద్దరి పనీ సాఫీగా సాగిపోతోంది."

"అలా అనకే."

"మరెలా అనను? దుప్పటి మడతేస్తూ ఏదో గొణుగుతావే, ఏంటది?"

"ఏముంది. దీని మీద పడుకునేవాళ్ళు ఎవరో నాకు తెలీదు, నీకు తెలుసుగా, వాళ్ళని బాగుచేసి ఇంటికి పంపు అంటా."

"ప్రతి దుప్పటికీ?"

"ప్రతిదానికీ. చిన్నపిల్లల దుప్పట్లొస్తే కాస్త ఎక్కువసేపు."

"మరి మనల్ని ఇంటికి పంపమని?"

"అది అడగలేదు."

"ఎందుకని?"

"ఏమో. తలుపు వేసుందన్న సంగతి చేతిలో పని ఉంటే గుర్తుండదు నాకు."

"నాకు గుర్తుంటుందత్తా. పని చేస్తున్నా గుర్తుంటుంది. లోపల వీడు తన్నినప్పుడల్లా గుర్తొస్తుంది. ఆ పెద్దాయన కోసం కూడా చేస్తావా ప్రార్థన?"

"చేస్తా. దిండు గలీబుల దగ్గరికొచ్చేసరికి ఆయన వంతు."

"విన్నావా పెద్దాయనా? నీకు గలీబులు పడ్డాయట."

"విన్నానమ్మా. అమ్మాయికి ఎలా ఉంది సిస్టరూ? ప్రార్థన చేద్దాం. కళ్ళు మూసుకోండి."

"మూసుకోం. ఈ గదిలో ఇంక ఎవరూ కళ్ళు మూసుకోరు."

"అలా కాదమ్మా. చెరసాల తలుపులు తెరిచిన దేవుడు ఆయన."

"ఆయన తెరిచాడు. నువ్వు వేశావు. ఎవరి వైపున్నావో నువ్వే చూసుకో."

"చెప్పినా అర్థం చేసుకోవు నువ్వు. దుప్పట్లు పోతున్నాయని యజమాని..."

"నేనా ఎత్తుకుపోయేది? ఈ పొట్టకి తోడు దుప్పటి కూడా చుట్టుకుని పోతానా? అత్తా."

"ఏంటమ్మా?"

"కాళ్ళు రావట్లేదు. పట్టుకో."

"పట్టుకున్నా, పట్టుకున్నా. మెల్లగా. చేతులు చల్లబడ్డాయేంటే? పెద్దయ్యా, తలుపు తియ్యండి."

"సిస్టరూ..."

"సిస్టరూ లేదు, ఏమీ లేదు. పిల్ల పడిపోయింది. రోజూ జేబులో గలగలలాడిస్తారుగా, ఆ తాళంచెవి తియ్యండి."

"అవి మా ఇంటివి."

"ఏంటి?"

"జేబులోవి మా ఇంటి తాళాలు సిస్టరూ. ఈ తలుపుది నా దగ్గర ఉండదు. తాళం వేసి, చెవి యజమాని మనిషికి ఇచ్చేస్తాను."

"అయితే వెళ్ళి అడగండి. పరుగెత్తండి. ఇంకా నిలబడ్డారేం?"

"వెళ్ళలేను."

"ఏం, కాళ్ళు మీకూ రావట్లేదా?"

"ఈ వరండా తలుపుకి బయట తాళముంది. అతను చెవి తీసుకుని నన్ను కూడా లోపలే పెట్టి వెళ్ళిపోతాడు. సాయంత్రం వచ్చి, ముందు నా తలుపు తీసి చెవి ఇస్తాడు. తర్వాత నేను మీకు తీస్తాను."

"ఎప్పట్నుంచి?"

"మొదట్నుంచీ."

"మరి కబురు పంపిస్తానన్నారు?"

"అరిచినా లాభం లేదు సిస్టరూ. ఉతికే షెడ్డు మోతలో నా కేక ఎవరికి వినపడుతుంది?"

"ఒక్కరోజు కూడా చెప్పలేదేం మాకు?"

"ఏ మొహంతో చెప్పను? ఆదివారం మీ ముందు నిలబడి మాట్లాడేవాణ్ణి."

"కళ్ళు మూసుకోమనేది మేం చూడకూడదనేగా?"

"కాదు. మీ కళ్ళలోకి చూస్తూ తాళం వేయలేక."

"అత్తా, విన్నావా. ఈయనా మన మూటలోవాడే."

"మాట్లాడకే నువ్వు. ఊపిరి తీసుకో. ఆ వెలుగు వైపు తిరిగి ఊపిరి తీసుకో. పెద్దయ్యా, ఏడుస్తున్నారా?"

"లేదు."

"ఏడుస్తున్నారు. తర్వాత ఏడుద్దురు గాని. వరండాలో గోడకి మంటలార్పే ఎర్ర సిలిండరు వేలాడుతోంది కదా."

"ఉంది."

"అది దించి మా తాళం మీద కొట్టండి."

"నా ఉద్యోగం పోతుంది సిస్టరూ."

"పోతుంది. మాదీ పోతుంది. నా కోడలూ, దాని కడుపులోవాడూ మాత్రం పోకూడదు. మీరు బయట ఉన్నారనుకుని ఇన్నాళ్ళూ మీ మనసు మెత్తబడాలని దేవుణ్ణి అడిగాను. మీరూ లోపలే ఉన్నారని ఆయనకి తెలుసు, నాకే తెలీలేదు. దించండి."

"దించాను. బరువుగా ఉంది. ఒక్క నిమిషం, ప్రార్థన చేసుకుని..."

"చేసుకోండి. కళ్ళు తెరిచి చేసుకోండి, కొడుతూ చేసుకోండి. ముందు మా తాళం, పిల్లకి గాలి కావాలి. తర్వాత ముగ్గురం కలిసి మీ తలుపు సంగతి చూద్దాం. కొట్టండి పెద్దయ్యా. ఆమెన్ అనేలోగా ఊడిపోవాలి."