ఇంజను గదిలో చల్లగాలి

అధ్యక్షస్థానంలో ఉన్న రైలింజన్ల షెడ్డు మేనేజరు గారికి, వేదిక మీదున్న ఇంజనీరు మేడమ్‌కు, నాకంటే ముందే రిటైరై హాయిగా ఉన్న పెద్దలకు, తోటి డ్రైవర్లకు, మొదటి వరుసలో కూర్చుని ‘తొందరగా ముగించండి’ అని కళ్ళతోనే చెబుతున్న మా ఆవిడకు నమస్కారాలు. (నవ్వులు)

ఇందాక మాట్లాడినవాళ్ళందరూ నన్ను చల్లని మనిషన్నారు. ఎండాకాలంలో మా క్యాబిన్‌లో చల్లని మనిషంటూ ఎవరూ ఉండేవారు కాదు. ఎదుట అద్దంలోంచి ఎండ, వెనక నుంచి ఇంజను సెగ. కిటికీ తీస్తే వడగాలి, మూస్తే ఉడుకు.

ఒక మధ్యాహ్నం నా అసిస్టెంటు, అదిగో మూడో వరుసలో తల దించుకున్నాడు, నోరు మూయడు గనక అందరం ‘రేడియో’ అంటాం, సిగ్నలు రంగు పలకాల్సినవాడు పలకలేదు. “ఏరా, మాట్లాడవేం?” అని తిరిగి చూస్తే సీట్లోంచి జారిపోతున్నాడు. బండి ఆపి, సీసాలో నీళ్ళన్నీ వాడి నెత్తిన కుమ్మరించాను. కళ్ళు తెరిచి వాడన్న మొదటి మాట, “అన్నా, పచ్చే ఉంది, పోనీ.” (నవ్వులు) ఇప్పుడు నవ్వొస్తోంది గానీ, ఆ పూట స్టేషను వచ్చేదాకా నిమిషానికోసారి వాణ్ణి పిలుస్తూనే ఉన్నాను.

మర్నాడు మేడమ్ గదికి వెళ్ళి, “అమ్మా, ఒక్కసారి నాతో బండెక్కండి” అన్నాను. ఆ మధ్యాహ్నమే వచ్చారు. దిగేటప్పుడు ముఖం కందిపోయి ఉంది. “ఇందులోనా మిమ్మల్ని కూర్చోబెడుతున్నాం!” అన్నారు.

మొదట బిగించిన ఏసీ కుదుపులకు ఊడి రేడియో ఒళ్ళో పడింది. (నవ్వులు) రెండోది వాడి మెడ మీదే ఊదేది. వాడికి జలుబు, నాకు చెమట. మేడమ్ వదల్లేదు. ఏసీ కింద రబ్బరు దిమ్మలు వేయించి, గాలి ఇద్దరికీ తగిలేలా గొట్టాలు తిప్పించి, అద్దానికి ఎండనాపే పొర అతికించి, మార్పు చేసిన ప్రతిసారీ తానే మిట్టమధ్యాహ్నం ఎక్కి కూర్చుని చూశారు. మరుసటి వేసవికి మా క్యాబిన్ చల్లబడింది. రేడియో దారి పొడుగునా మోగుతూనే ఉన్నాడు, అదొక్కటే నష్టం. (నవ్వులు)

ఇంకొక్క మాట. యార్డులో పెట్టెలు జతచేసే పాత ఇంజన్లకు ఇంకా ఏసీ లేదు. వాటిని నడిపే మనవాళ్ళు ఈ సభకు రాలేదు, ఎండలో డ్యూటీ చేస్తున్నారు. మేనేజరు గారూ, నా రిటైర్మెంటుకు మీరిచ్చిన గోడగడియారం చాలా బాగుంది. కానీ నాకేం కావాలని అడిగుంటే, వాళ్ళ క్యాబిన్లు చల్లబరచమనేవాణ్ణి.

అయ్యా, తలూపారా? అందరూ చూశారు కదా! (చప్పట్లు) ఇంతమంది సాక్షులున్నారు, ఇక నేను నిశ్చింతగా ఇంటికి పోవచ్చు. నాతో ఆ సెగ పంచుకున్నవాళ్ళకూ, ఆ సెగ చల్లార్చినవాళ్ళకూ మనసారా కృతజ్ఞతలు. మా ఆవిడ లేచి నిలబడింది. సెలవు.