దానిమ్మరసంలో రెండు ఎరుపులు

ఆహారపరీక్షల ల్యాబులో, అక్క మొగుడు తెచ్చిన దానిమ్మరసాన్ని మరదలు చిన్న గాజుగొట్టంలో పోసి యంత్రంలో పెట్టింది. మర్నాడు ఆ రసం బడిపిల్లల ఆటలపోటీకి వెళ్ళాలి.

“ఇది రసంలోంచి వెలుతురు పంపిస్తుంది, బావగారూ. ఒక్కో రంగు వెలుతుర్ని ఒక్కోలా మింగుతుంది. పండు రంగు కాక ఇంకేమైనా కలిపారా?”

“ఎంత మాట. మీ అక్క ఊరుకుంటుందా? రంగు మాటెత్తితే గరిటె పుచ్చుకుంటుంది.”

“తెరమీద ఎరుపు కనబడుతోంది. కొన్న రంగే.”

“చిటికెడేనమ్మా. రసం మరీ వెలవెలబోతుంటే, మీ అక్క అటు తిరిగినప్పుడు వేశాను.”

“ఒకటి కాదు, రెండు రకాల ఎరుపులున్నాయి. రెండూ కలిసి హద్దు దాటాయి.”

“నిజంగా నేను వేసింది ఒకటే. వంటింట్లో నేనూ మీ అక్కా తప్ప ఇంకెవరూ...”

“ఆగిపోయారేం?”

“పెళ్ళయినప్పటినుంచీ అది నాకు నీతులు చెబుతోంది, తల్లీ.”

“ఈ రసం మాత్రం పిల్లలకి వెళ్ళడానికి వీల్లేదు. పారబోసి మళ్ళీ తీయండి.”

“తీస్తాంలే. వెలవెలబోయినా సరే, ఉత్త పండ్లరసమే పోస్తాం. కానీ నేను రంగు వేసినట్టు మీ అక్కకి చెప్పకు.”

“అక్క పొద్దున్నే ఫోన్ చేసి, తను వేసిన సంగతి మీ చెవిన పడకూడదని నా చేత ఒట్టు వేయించుకుంది.”