పెట్టెలోంచి తీసిన వేడినీళ్ల సంచి

హాలిఫాక్స్‌లో ఆ పొద్దున నేలంతా మంచు గడ్డకట్టింది, ఇల్లు వెచ్చబెట్టే బాయిలర్ ఆరిపోయింది. స్నేహితురాలు హిల్డా ఇంటికి వెళ్ళడానికి మేవిస్ పెట్టె సర్దుతుంటే అక్క ఈనిడ్ గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"హిల్డా ఇంట్లో రెండు రోజులే కదక్కా. బాయిలర్ బాగవగానే వచ్చేస్తాను."

"అన్నయ్య కూడా రెండు రోజులే అన్నాడు. ఇదే పెట్టె. పెట్టె ఒక్కటే తిరిగొచ్చింది."

"మళ్ళీ మొదలెట్టావా! ఇల్లు వెచ్చగా ఉంటే నేనెందుకు వెళ్తాను?"

"ఆరిపోయే ముందు బాయిలర్ గుడగుడమంది, విన్నావా? నీళ్ళు బయటికి పోయే గొట్టం గడ్డకట్టిందేమో. బాయిలర్‌తో వచ్చిన పుస్తకంలో అలాగే రాసుంది. పెట్టెలో పెట్టిన ఆ రబ్బరు వేడినీళ్ల సంచి ఇటివ్వు, నింపుతాను."

"అది నా పాదాలకి!"

"ముందు గొట్టానికి."

పెరట్లో పావుగంట సేపు ఇద్దరూ వంతులవారీగా సంచిని గొట్టానికి అదిమి పట్టుకున్నారు.

"ఇప్పుడు లోపలికెళ్ళి మీట నొక్కు."

"నొక్కాను... అక్కా, వెలిగింది! గుడగుడ కూడా లేదు!"

"చూద్దాం, ఓ కప్పు టీ తాగేదాకా ఆగకపోతే నమ్ముతా."

రెండు కప్పులయ్యాయి. గోడ పక్కన గదిని వెచ్చబెట్టే రేడియేటర్ చెయ్యి పెట్టలేనంత వేడెక్కింది.

"హిల్డాకి నేను రావట్లేదని చెప్పనా?"

"ముందు పెట్టెలో బట్టలు తియ్యి."

ఈనిడ్ ఖాళీ పెట్టెను బీరువా మీదికి ఎక్కించింది. ఎన్నో ఏళ్ళ కిందట, 1963 జనవరిలో, దాన్ని పట్టుకుని వెళ్ళిన వాళ్ళన్న విల్‌ఫ్రెడ్ తిరిగి రాలేదు.