నల్ల గుండీ

కూతురు సొంత బుర్రతో అల్లిన ఆట రేపు స్నేహితుల ముందుకు వెళ్లాలి. అంతకు ముందే తల్లితో ఆడించి చూస్తోంది. కుట్టుమిషన్ పక్కన, బట్టలు కత్తిరించే బల్ల మీద పటం పరిచింది. నల్ల గుండీ తల్లి ఆడే దొంగ. తెల్ల గుండీ దొంగ వెంట వచ్చే గాడిద.

"అమ్మా, వంతెన విరిగింది. గాడిద కింద తాడుకి వేలాడుతోంది. తాడు నీ దొంగ చేతిలో ఉంది."

"అయ్యో! ఇప్పుడు నా దొంగ ఏం చేస్తుందే?"

"అది నువ్వే చెప్పాలి. వదిలేస్తే దొంగకి ఏమీ కాదు. పట్టుకుంటే ఈ ఇరవై ముఖాల పాచిక వెయ్యాలి. పదిహేను దాటితే గాడిద పైకొస్తుంది. లేదంటే రెండూ పోతాయి."

"మధ్యలో పాచిక పెత్తనమేంటి? దొంగకి బలముందో లేదో నీకు తెలీదూ?"

"నాకూ తెలీకూడదమ్మా. తెలిస్తే నేను కథ చెప్పడం, నువ్వు ఊ కొట్టడం. అంతే."

"ఓహో, అదా సంగతి!"

"కానీ పాచిక చూడగానే అందరూ కథ మర్చిపోయి అంకెల్లో పడతారేమోనని నా భయం. సరే, నీ దొంగ తాడు వదిలేస్తుందా?"

"వదలను."

"వదలనా? ఇందాకట్నుంచీ దొంగని 'అది వెళ్తుంది, అది దూకుతుంది' అన్నావుగా?"

"ఏమో, నోటికొచ్చింది. వదలనంటే వదలను."

"అయితే పాచిక వెయ్యి."

తల్లి కదల్లేదు. బల్ల అంచున ఆమె పిడికిళ్లు రెండూ బిగుసుకుని ఉన్నాయి.

"నువ్వే వెయ్యవే. నా చేతులు ఖాళీగా లేవు."